కాఫీయు నిద్రమాత్రయు

మన ఇండ్లలో తెల్లవారగనే పొయ్యిమీదికి ముందుగా ఎక్కునవి కాఫీనీళ్లు. రాత్రి పడుకొనబోవునప్పుడు తలగడ ప్రక్కన మంచినీళ్ల చెంబుతో పాటు నిద్రమాత్ర యొకటి ఉంచుకొనుటయు ఈ కాలమున కొన్ని ఇండ్లలో అలవాటైనది. ఒకటి మేల్కొలుపునది, రెండవది నిద్రపుచ్చునది. ఒకదాని పనిని రెండవది చెరిపివేయునని మనలో పెక్కుమంది తలంతురు. సాయంకాలము కాఫీ ఎక్కువైనచో రాత్రి మాత్ర వేసికొన్న సరిపోవుననియు, ఉదయమున మాత్ర మత్తు వదలనిచో చిక్కని కాఫీ త్రాగిన సరిపోవుననియు లెక్క వేసికొందురు. వేడినీటిలో చన్నీరు కలిపి గోరువెచ్చగా చేసికొనునట్లు, ఈ రెండింటిని కలిపి ఒంటిని మన చెప్పుచేతలలో ఉంచుకొనవచ్చునన్న నమ్మకమే ఈ లెక్కకు ఆధారము.

ఈ లెక్క సరియైనదేనా యని విచారించుట నేటి ప్రసంగమున మన పని. వ్యాధిగ్రస్తుల సంగతి వారి వైద్యులు వేరుగా చూడవలసినది. మనము ముచ్చటించుకొనునది ఏ జబ్బును లేని, ఆరోగ్యవంతులైన పెద్దవారిని గూర్చి. ఏలయన ఈ లెక్కను నమ్మి ధైర్యముగా నుండువారు వారే.

కాఫీలో మనలను మేల్కొలుపు పదార్థము పేరు కెఫీను. దీనిని కాఫీగింజలనుండి తొలుత వేరుచేసినవాడు జర్మను రసాయనజ్ఞుడు ఫ్రీడ్లీబ్ రూంగె. మహాకవి గోథే ఆ గింజలను చేతికిచ్చి పరీక్షింపుమని కోరగా 1819వ సంవత్సరమున ఆయన ఈ పనికి పూనుకొనెను. తరువాత 1895లో ఎమిల్ ఫిషర్ అను మరియొక జర్మను శాస్త్రజ్ఞుడు కెఫీనును గింజలతో నిమిత్తము లేకుండ ప్రయోగశాలలోనే తయారుచేసెను. చక్కెరలను గూర్చియు, కెఫీను చేరిన ప్యూరిను కుటుంబమును గూర్చియు చేసిన కృషికి 1902లో ఆయనకు నోబెలు బహుమానము లభించినది. విచిత్రమేమనగా, ఆ ఫిషరే జోసెఫ్ ఫాన్ మేరింగ్ అను వైద్యునితో కలిసి 1903లో బార్బిటాలు అను నిద్రమందును లోకమునకు వెల్లడించెను. వెరొనాల్ అను పేర అది అంగళ్లకు వచ్చినది. మేల్కొలుపు మందును, నిద్రపుచ్చు మందును ఒకే చేతిమీదుగా తయారైనవన్న మాట.

బార్బిటాలు వంశమునకు చెందిన మందులు సుమారు అరువది యేండ్లు లోకమును ఏలినవి. నిద్ర పట్టించు మోతాదునకును, ప్రాణము తీయు మోతాదునకును నడుమ ఎడము తక్కువగుటచే వాటివలన ఎందరో మరణించిరి. 1960లో క్లోర్డయజిపాక్సైడును, 1963లో డయజిపామును అమ్మకమునకు వచ్చిన తరువాత బార్బిటాలు వంశము వెనుకబడినది. ఈ క్రొత్త కుటుంబమునకు బెంజోడయజిపీనులని పేరు. ఇటీవలి దశాబ్దులలో జోల్పిడెము వంటివి వాటి సరసన చేరినవి. నేడు మనము నిద్రమాత్ర యన్నచో సాధారణముగా ఈ రెండు తెగలలో ఒకదానినే చెప్పుచున్నాము.

కాఫీయు మాత్రయు ఒకదానినొకటి ఏమి చేయునో తెలియవలెనన్న, ముందుగా నిద్ర ఎట్లు వచ్చునో కొంచెము తెలిసికొనవలెను.

మనము మేలుకొని పనిచేయుచున్నంతసేపు మెదడులోని కణములు శక్తిని వ్యయము చేయుచుండును. ఆ వ్యయమునకు గుర్తుగా అడినోసీను అను పదార్థము కొంచెము కొంచెముగా మెదడులో ప్రోగగును. నాడీకణములమీద దానికై ప్రత్యేకముగా ఏర్పడిన గ్రాహకములు కలవు. వాటిని తాళములనుకొందము. అడినోసీను అను తాళపుచెవి ఆ తాళములలో చేరినకొలది మెదడు మందగించును, కనురెప్పలు బరువెక్కును. నిద్రపోయినప్పుడు ఆ నిలువ తరిగి, ఉదయమునకు మరల తేలికపడుదుము. పగలంతయు పెరిగి రాత్రి తీరిపోవు అప్పువంటిది అడినోసీను.

కెఫీను రూపమున అడినోసీనును పోలియుండును. కాబట్టి అది ఆ తాళములలో దూరగలదు. కాని వాటిని త్రిప్పజాలదు. తాను త్రిప్పక, అసలు తాళపుచెవిని లోనికి రానీయక, ద్వారమునకు అడ్డముగా నిలుచును. అందువలన నిద్ర రాదు. ఇచ్చట మనము గమనింపవలసిన సంగతి ఒకటి కలదు. కాఫీ మనకు క్రొత్తశక్తి నేమియు ఈయలేదు. అడినోసీనును తగ్గింపను లేదు. అప్పు అప్పుగనే యున్నది. అప్పులవాడు తలుపు తట్టుట మాత్రము మనకు వినబడలేదు. కెఫీను తొలగిపోయిన వెంటనే ఆ తట్టుడు మరింత గట్టిగా వినబడును.

నిద్రమాత్ర ఈ తాళముల జోలికి పోదు. మెదడులో గాబా అను మరియొక పదార్థము కలదు. నాడీకణముల ఉద్రేకమును అణచి, వాటిని శాంతపరచుట దాని పని. బెంజోడయజిపీనులును, జోల్పిడెమును గాబా గ్రాహకములను పట్టుకొని, గాబా చేయు పనిని ఇంకను బలముగా చేయించును. కాఫీ ఒక ద్వారమునొద్ద నిలిచినది. మాత్ర మరియొక ద్వారముగుండ వచ్చినది. ఒకదానిని ఒకటి ఎదుర్కొని త్రోసివేయుటకు రెండును ఒకే చోట లేనేలేవు. కెఫీను మిక్కిలి పెద్ద మోతాదులో గాబా గ్రాహకములను కూడ కొంత తాకగలదని ప్రయోగశాలలలో తేలినది. కాని మనము గ్లాసులతో త్రాగు కాఫీవలన మెదడులో అంత గాఢత ఏర్పడదు.

బండికి కట్టిన రెండెద్దులలో ఒకదానిని ముందుకు అదలించి, రెండవదానిని పగ్గము పట్టి వెనుకకు లాగినచో ఏమగును? బండి కదలక నిలిచియున్నట్లు చూపరులకు తోచవచ్చును. కాని ఎద్దులకు విశ్రాంతి లేదు. కాడికి సుఖము లేదు. కాఫీయు నిద్రమాత్రయు కలిసిన ఒంటి స్థితి అట్టిది.

ఇది ఉపమానము మాత్రమే యని శ్రోతలు అనుకొనవచ్చును. ఆరోగ్యవంతులైన మనుష్యులమీద చేసిన పరీక్షలు ఏమి చెప్పుచున్నవో చూతము.

1992లో ఫిన్లాండు దేశపు పరిశోధకులు ట్రయాజొలాము, జోపిక్లోను అను రెండు నిద్రమందులను ఆరోగ్యవంతులకు కెఫీనుతో కలిపి ఇచ్చి చూచిరి. చేతివాటము, చురుకుదనము మున్నగు విషయములలో మందుల మాంద్యమును కెఫీను ఒక మోస్తరుగా మాత్రమే తగ్గించినదని వారు తేల్చిరి. 2007లో అమెరికాలోని పరిశోధకులు ఇంకను శ్రద్ధతో మరియొక పరీక్ష చేసిరి. అందు పాల్గొన్న ప్రతివ్యక్తియు వేరువేరు దినములలో ఆరు రకములుగా మందులు పుచ్చుకొనెను. ఒకనాడు 7.5 మిల్లిగ్రాముల జోల్పిడెము మాత్రమే. ఒకనాడు దానితో 250 మిల్లిగ్రాముల కెఫీను. ఒకనాడు దానితో 500 మిల్లిగ్రాముల కెఫీను. తక్కిన మూడు దినములలో జోల్పిడెమునకు బదులు మందు లేని ఉత్త మాత్ర ఇచ్చి, కెఫీను విషయమున అదే క్రమమును పాటించిరి. ఏనాడు ఏది ఇచ్చుచున్నారో ఇచ్చువారికిని తెలియదు, పుచ్చుకొనువారికిని తెలియదు. తెలిసినచో మనస్సు మోసపుచ్చును గనుక ఈ జాగ్రత్త.

ఫలితము రెండు విధములుగా ఆశ్చర్యకరము. మొదటిది: జోల్పిడెము పుచ్చుకొన్నవారికి మత్తు కలిగినది, అంకెలకు బదులు గుర్తులు వేయు పరీక్షలో వెనుకబడిరి, వ్రేలితో తట్టు వేగము తగ్గినది, సంజ్ఞ కనబడిన పిమ్మట చేయి కదలుటకు ఆలస్యమైనది, అంతకుముందు నేర్చినదానిని కొంతసేపటికి జ్ఞప్తికి తెచ్చుకొను శక్తి తగ్గినది. కెఫీను ఈ లోపములలో పెక్కింటిని కొంతవరకు సరిచేసినది. కాని పూర్తిగా సరిచేయలేదు. 500 మిల్లిగ్రాములన్న నాలుగైదు పెద్ద కప్పుల కాఫీతో సమానము. అంత కెఫీనును ఒక్కసారిగా ఇచ్చినను మాత్ర పని చెరిగిపోలేదు.

రెండవది: కెఫీనుతో కలిసినప్పుడు రక్తములో జోల్పిడెము పరిమాణము తగ్గుటకు మారుగా నూటికి 30 నుండి 40 వంతుల వరకు పెరిగినది. మాత్రను అణచునని నమ్మి త్రాగిన కాఫీ, ఒంటిలో ఆ మాత్ర పాలును పెంచినదన్న మాట. జోల్పిడెము మాత్రము కెఫీను పరిమాణమును చెప్పుకోదగినంతగా మార్చలేదు. ఈ తరగతి నిద్రమందులకు కెఫీనును విరుగుడుగా భావింపరాదని ఆ పరిశోధకులు స్పష్టముగా వ్రాసిరి. మన లెక్కలో మొదటి తప్పు ఇచ్చట బయటపడినది.

ఇక రెండవ తప్పు కాలమునకు సంబంధించినది. త్రాగిన కాఫీలోని కెఫీను ముప్పావుగంట లోపుననే ఇంచుమించు పూర్తిగా రక్తములో చేరును. కాని దిగిపోవుటకు అంత తొందరపడదు. ఆరోగ్యవంతుని ఒంటిలో అది సగమగుటకు సుమారు 5 గంటలు పట్టును. జోల్పిడెము సగమగుటకు సుమారు రెండున్నర గంటలు చాలును. ఒక గృహస్థు సాయంకాలము 5 గంటలకు రెండు కప్పుల కాఫీతో 200 మిల్లిగ్రాముల కెఫీను పుచ్చుకొని, రాత్రి 10 గంటలకు నిద్రమాత్ర వేసికొన్నాడనుకొందము. పది గంటలకు ఆయన ఒంటిలో ఇంకను 100 మిల్లిగ్రాముల కెఫీను ఉన్నది. తెల్లవారుజామున 3 గంటలకు 50 మిల్లిగ్రాములు మిగిలినది. ఆ వేళకు మాత్ర నాలుగవ వంతునకు దిగినది. ఐదున్నరకు ఎనిమిదవ వంతునకు దిగును. అనగా మాత్ర ముందుగా వెళ్లిపోవుచున్నది. కాఫీ వెనుక మిగులుచున్నది. నిద్ర పట్టినదని సంతోషించిన మనుష్యుడు మూడు గంటలకు లేచి కూర్చుండి, మాత్ర చాలలేదని తలచి, మరునాడు మోతాదు పెంచవలెనని యోచించును. చాలనిది మాత్ర కాదు. సాయంకాలపు కాఫీ ఎక్కువైనది.

2013లో అమెరికాలో వెలువడిన ఒక పరీక్షలో, చక్కగా నిద్రించు అలవాటుగల 12 మంది ఆరోగ్యవంతులకు 400 మిల్లిగ్రాముల కెఫీనును పడుకొనునప్పుడును, అంతకు 3 గంటల ముందును, 6 గంటల ముందును వేరువేరుగా ఇచ్చి చూచిరి. ఆరు గంటల ముందు పుచ్చుకొన్నను నిద్ర గంటకు మించి తగ్గినదని యంత్రము చూపినది. మరి ఆ నష్టమును పొందినవారు దానిని సరిగా గుర్తింపలేదు. “కాఫీ నన్నేమియు చేయదు, త్రాగి వెంటనే పడుకొన్నను నిద్రపట్టును” అని చెప్పువారు మన ఇరుగుపొరుగున ఎందరో కలరు. వారు అబద్ధమాడుటలేదు. నిద్రలో జరిగిన నష్టమును నిద్రపోయినవాడు లెక్కింపలేడు, అంతే.

ఐదు గంటలన్నది అందరికి ఒకే తీరుగ వర్తించు కొలత కాదు. ఒకరిలో రెండు గంటలకే సగమగు కెఫీను మరియొకరిలో తొమ్మిది గంటలైనను సగము కాదు. కెఫీనును విరిచివేయు పని కాలేయములోని సి.వై.పి. 1ఎ2 అను ఎంజైముది. పొగత్రాగువారిలో ఈ ఎంజైము ఎక్కువ చురుకుగా నుండుటచే కెఫీను ఇంచుమించు సగము కాలములోనే దిగిపోవును. అట్టివారు చుట్ట, సిగరెట్టు మానినప్పుడు కాఫీని తగ్గించుకొననిచో, అదే కాఫీ రెట్టింపు బలముతో పనిచేయును. పొగాకు మానినవారికి కలుగు నిద్రలేమిలో కొంతభాగము కాఫీదే యని పెక్కుమందికి తెలియదు. గర్భనిరోధక మాత్రలు వాడు స్త్రీలలో కెఫీను ఇంచుమించు రెట్టింపు కాలము నిలుచును. నిండుచూలాండ్రలో ఇంకను ఎక్కువకాలము నిలుచును. విరేచనములకో, మూత్రమార్గపు సూక్ష్మజీవులకో ఇచ్చు సిప్రోఫ్లాక్ససిను అను మందు ఈ ఎంజైమును అణచును. ఫ్లూవోక్సమీను అను మనోవ్యాధి మందు ఇంకను గట్టిగా అణచును. ఇట్టి మందులు వాడుచున్న దినములలో ఎప్పటి కాఫీయే ఎప్పటివలె కాక, రాత్రిలోనికి చొచ్చుకొనివచ్చును.

ఈ ఎంజైము ప్రస్తావన వచ్చినప్పుడు మెలటోనినును గూర్చి కూడ చెప్పుకొనవలెను. చీకటి పడగనే మెదడులోని ఒక చిన్నగ్రంథి స్రవించు పదార్థమిది. రాత్రి వచ్చినదని ఒంటికి కబురు చెప్పును. దీనినే మాత్రలుగా చేసి వాడుచున్నారు. మెలటోనినును విరుచునది కూడ సి.వై.పి. 1ఎ2 ఎంజైమే. ఒక్క తిరుగలిలో రెండు ధాన్యములు పోసినచో రెండును మెల్లగా నలుగును. ఆరోగ్యవంతులైన 12 మందికి మెలటోనిను మాత్రతో పాటు కెఫీను ఇచ్చి 2003లో ప్రకటించిన పరీక్షలో రక్తములోని మెలటోనిను సగటున రెట్టింపునకు మించి పెరిగినది. అయినచో కాఫీ మెలటోనినునకు సహాయపడునా? అట్లు తలపరాదు. పడుకొనుటకు 3 గంటల ముందు రెండు ఎస్ప్రెసోలతో సమానమైన కెఫీను పుచ్చుకొన్నచో, ఒంటిలో సహజముగా నడచు మెలటోనిను గడియారము సుమారు 40 నిమిషములు వెనుకబడునని 2015లో అమెరికా పరిశోధకులు చూపిరి. ఆ పరీక్షలో పాల్గొన్నవారు ఐదుగురే యైనను, కెఫీను నిద్రను చెరచుట మాత్రమే కాక నిద్రవేళనే జరుపగలదని దానివలన తెలిసినది. బయటనుండి వేసికొన్న మెలటోనిను పెరుగుచుండగా, లోపలి గడియారము ఆలస్యమగుచున్నది. ఈ రెండింటి కూడిక తీసివేతలను ఏ గృహస్థుడు తలగడమీద కూర్చుండి తేల్చగలడు?

ఇప్పుడు ఉదయమునకు వత్తము. అసలు ప్రమాదము ఇచ్చటనే యున్నది. రాత్రి వేసికొన్న మాత్ర ఉదయమునకు పూర్తిగా దిగిపోవునని చెప్పుటకు వీలులేదు. జోల్పిడెము పుచ్చుకొన్న కొందరిలో, ముఖ్యముగా స్త్రీలలో, మరునాటి ఉదయమున కూడ వాహనము నడుపుటకు ఆటంకము కలిగించునంత మందు రక్తములో మిగిలియుండునని తేలుటచే, 2013లో అమెరికా ఔషధ నియంత్రణశాఖ స్త్రీల మోతాదును 10 మిల్లిగ్రాములనుండి 5 మిల్లిగ్రాములకు తగ్గింపవలెనని ఆదేశించినది. డయజిపాము సంగతి ఇంకను దీర్ఘము. అది సగమగుటకే ఒక దినమో, రెండు దినములో పట్టవచ్చును; అది విరిగినప్పుడు పుట్టు పదార్థము ఇంకను ఎక్కువకాలము నిలిచి పనిచేయును. ప్రతిరాత్రియు వేసికొన్నచో నిన్నటి మందుమీద నేటి మందు పేరుకొనును.

ఇట్టి ఉదయమున మనుష్యుడు చిక్కని కాఫీ త్రాగును. కన్నులు విచ్చుకొనును. ఒళ్లు తేలికపడినట్లుండును. “మత్తు వదలినది” అని తనకు తాను చెప్పుకొనును. కాని పైన చెప్పిన పరీక్షను జ్ఞప్తికి తెచ్చుకొందము: కెఫీను ఆ లోపములను కొంతవరకే దిద్దినది. మెలకువ వచ్చినదన్న భావము వేరు. చేయి, కన్ను, తెలివి మూడును ఒకేసారి పనిచేయగల శక్తి వేరు. మొదటిది పూర్తిగా వచ్చినట్లు తోచి, రెండవది సగమే వచ్చినప్పుడు, మనుష్యుడు తాను కూర్చుండదగని చోట కూర్చుండును. లారీచక్రము పట్టుకొనువాడు, పిల్లల బస్సు నడుపువాడు, రంపపుమిల్లులో పలకను త్రోయువాడు, ఇంటిపైకప్పుమీద పనిచేయువాడు, వీరికి అరక్షణపు ఆలస్యము చాలును. మత్తుగా నున్నానని తెలిసినవాడు జాగ్రత్తపడును, ఇంటివద్ద నిలిచిపోవును. మత్తు లేదనుకొన్నవాడే బండి తీయును. అందుచే ఉదయపు కాఫీ మత్తును పోగొట్టుట కంటె, మత్తు ఉన్నదన్న ఎరుకను పోగొట్టుటయే ఎక్కువగా చేయునని మనము భయపడవలసియున్నది.

మరియొక సంగతి. ఈ మాత్రలు వేసికొని వెంటనే పడుకొనక, కాఫీ బలముతో పని సాగించుకొందమనువారు కలరు. నిద్రమాత్ర పనిచేయుచుండగా మేలుకొనియున్న మనుష్యుడు తాను చేసిన పనిని, ఆడిన మాటను మరునాడు జ్ఞప్తికి తెచ్చుకొనలేకపోవచ్చును. జోల్పిడెము వంటి మందులు పుచ్చుకొని, పూర్తి మెలకువ లేకయే లేచి నడచుట, వంట చేయుట, వాహనము నడుపుట వంటి పనులు చేసి గాయపడినవారును, మరణించినవారును ఉండుటచే, 2019లో అమెరికాలో వాటికి మిక్కిలి గట్టి హెచ్చరిక చేర్చవలెనని నిర్ణయించిరి. ఇక మద్యముతో ఈ మాత్రలు కలిపినచో ఊపిరి మందగించి ప్రాణాపాయము కలుగును. ఆ ఆపదలో కాఫీ పోయుట చికిత్స కాదు; ఆలస్యము చేయక ఆసుపత్రికి చేర్చుటయే చికిత్స.

ఇంతవరకు చెప్పుకొన్నదానిని ఒక్కచోట చేర్చి చూచినచో మనకొక చక్రము కనబడును. సాయంకాలపు కాఫీవలన రాత్రి నిద్ర చెడినది. నిద్ర చెడుటచే మాత్ర వచ్చినది. మాత్రవలన ఉదయమున మాంద్యము వచ్చినది. మాంద్యము పోవుటకు ఉదయమున రెండు కాఫీలు, మధ్యాహ్నమున మూడవది వచ్చినవి. ఆ మూడవది మరల రాత్రి నిద్రను చెరచినది. కొన్ని వారములకు మాత్ర బలము చాలకపోవును, మోతాదు పెరుగును. గానుగెద్దు ఎంత నడచినను గానుగచుట్టే నడచును. ఆ చక్రములో పడిన మనుష్యుడు తనకు నిద్రలేమి అను వ్యాధి ఉన్నదని నమ్మును. ఆయనకున్నది కొన్నివేళల వ్యాధి కాదు, వేళ తప్పిన కాఫీ.

మన దేశమున ఆల్ప్రజొలాము, డయజిపాము, జోల్పిడెము వంటి మందులను 2013లో ప్రకటించిన హెచ్1 షెడ్యూలులో చేర్చిరి. 2014 మార్చి 1వ తేదీ నుండి అమలునకు వచ్చిన ఆ నియమము ప్రకారము వైద్యుని చీటీ లేనిదే వాటిని అమ్మరాదు. అమ్మినవాటిని వేరు పుస్తకములో వ్రాసి మూడేండ్లు దాచవలెను. ఇది కేవలము కాగితపు నిబంధన కాదు. బెంజోడయజిపీనులు కొన్ని వారములలోనే ఒంటిని తమకు అలవాటు చేసికొనగలవు. పొరుగింటివారి సీసాలోని మాత్రను అడిగి వేసికొనుటయు, ఎన్నడో వ్రాసిన చీటీతో మరల మరల తెప్పించుకొనుటయు మానవలెను.

అయినచో మనము చేయవలసినదేమి? ముందు కొలత తెలిసికొందము. 240 మిల్లిలీటర్ల పెద్దకప్పు కాఫీలో ఇంచుమించు 95 మిల్లిగ్రాముల కెఫీను ఉండును. అంతే టీలో దాదాపు సగముండును. 355 మిల్లిలీటర్ల కోలా డబ్బాలో 30 నుండి 40 మిల్లిగ్రాములుండును. మన ఫిల్టరుకాఫీలో కెఫీను ఎంతయన్నది పాలు పోయుటనుబట్టి కాక డికాక్షను చిక్కదనమునుబట్టి నిర్ణయమగును. గింజ జాతియు ముఖ్యమే. అరకులోయలో పండు అరబికా జాతికంటె రోబస్టా జాతి గింజలో కెఫీను ఇంచుమించు రెట్టింపు. చికోరీలో కెఫీను లేదు. కనుక చికోరీ ఎక్కువగా కలిపిన పొడిలో కెఫీను ఆ మేరకు తక్కువ. కొన్ని తలనొప్పి మాత్రలలో కూడ కెఫీను చేర్తురని మరువరాదు. రాత్రి తలనొప్పికి అట్టి మాత్ర వేసికొని, నిద్రపట్టలేదని దానిమీద నిద్రమాత్ర వేసికొనువారు తెలియకయే రెండెద్దుల బండి కట్టుచున్నారు. మాత్రపొట్లముమీది అక్షరములను చదువుట మంచి అలవాటు.

ఆరోగ్యవంతులైన పెద్దవారు దినమునకు 400 మిల్లిగ్రాముల వరకు కెఫీను పుచ్చుకొన్నను హాని లేదని యూరపు ఆహారభద్రతా సంస్థ 2015లో అభిప్రాయపడినది. గర్భిణీస్త్రీలకు 200 మిల్లిగ్రాములే పరిమితి. కాని పడుకొనబోవువేళ పుచ్చుకొన్నచో 100 మిల్లిగ్రాములే కొందరి నిద్రను చెరచునని కూడ ఆ సంస్థయే చెప్పినది. కాబట్టి కాఫీని శత్రువుగా చూడనక్కరలేదు. దానికొక వేళ నియమించిన చాలును. మధ్యాహ్నభోజనము తరువాత కాఫీ, టీలు ముట్టకుండ రెండువారములు గడిపి చూచుట అన్ని నిద్రమాత్రలకంటె ముందు చేయదగిన పరీక్ష. దీనికి ఖర్చు లేదు. ఉన్న ఖర్చు తగ్గును.

అయితే దినమునకు ఐదారు కప్పులు త్రాగువారు ఒక్కనాడే మానరాదు. మానిన 12 మొదలు 24 గంటలలో తలనొప్పి, చిరాకు, మాంద్యము బయలుదేరి కొన్ని దినములుండును. వారమునకొక కప్పు చొప్పున, సాయంకాలపు కప్పుతో మొదలుపెట్టి తగ్గించినచో ఆ బాధ ఉండదు. నిద్రమాత్ర విషయమున ఈ జాగ్రత్త నూరురెట్లు ముఖ్యము. చాలకాలముగా బెంజోడయజిపీనులు వాడుచున్నవారు ఈ ప్రసంగము విని రేపటినుండి మానివేసినచో మేలు కంటె కీడే ఎక్కువ. హఠాత్తుగా మానుటవలన మూర్ఛలు కూడ రావచ్చును. వైద్యునితో చెప్పి, ఆయన చూచుచుండగా మెల్లమెల్లగా తగ్గించుకొనవలెను. ఆయన అడుగకున్నను మనము చెప్పవలసినది ఒకటి కలదు: దినమునకు ఎన్ని కాఫీలు, చివరిది ఎన్ని గంటలకు అన్నది. ఈ ఒక్క మాట చెప్పనందువలన ఎన్నో చీటీలు అనవసరముగా వ్రాయబడుచున్నవి.

కాఫీ తగ్గించినను నిద్ర రానివారికి మాత్ర ఒక్కటే దారి కాదు. నిద్రవేళలను క్రమపరచి, పడకను గూర్చిన భయములను పోగొట్టి, అలవాట్లను మార్చు మానసిక చికిత్సాపద్ధతినే దీర్ఘకాలపు నిద్రలేమికి మొదటి చికిత్సగా ఈయవలెనని అమెరికా వైద్యుల కళాశాల 2016లో సలహా ఇచ్చినది. గట్టిగా గురకపెట్టి, నడుమ ఊపిరి ఆగి ఉలికిపడి లేచువారు నిద్రమాత్ర జోలికి పోకముందే పరీక్ష చేయించుకొనవలెను. వారి నిద్రలేమికి కారణము వేరు.

కాఫీ నిద్రమాత్రకు విరుగుడు కాదు; నిద్రమాత్ర కాఫీకి విరుగుడు కాదు. రెండింటికిని వేరువేరు ద్వారములు, వేరువేరు వేళలు కలవు. నడుమ నలుగునది మన ఒళ్లు. మేలుకొని చేసిన పనికి ఒళ్లు అడుగు కూలి నిద్ర. ఆ కూలిని కాఫీతో వాయిదా వేయవచ్చును గాని ఎగవేయలేము. మాత్రతో చెల్లించినట్లు చీటీ వ్రాయవచ్చును గాని పూర్తిగా చెల్లింపలేము. మాత్ర వేసికొన్న రాత్రి తరువాతి ఉదయమున, ఎన్ని కాఫీలు త్రాగినను, మత్తు పూర్తిగా వదలినదని రూఢి యగువరకు బండి తాళపుచెవి చేత పట్టకుండుట మనకును, బాటపై నడచు పరులకును క్షేమకరము.